చాయ్ పైసలు వద్దన్నది మర్యాదా, భయమా?

సంక్రాంతికి ముందు రెండు రోజులు విజయవాడ హైవే మీద పంతంగి టోల్ నుంచి కొర్లపహాడ్ టోల్ దాకా బండ్లు చీమల బారులా కదులుతాయి. అలాంటి ఒక తెల్లవారుజామున నార్కట్‌పల్లి దాటాక ఒక హోటల్ దగ్గర ఆగాం. మాకంటే ముందే ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక హోంగార్డు నిలబడి ఇడ్లీ తింటున్నారు. రాత్రంతా రోడ్డు మీదే ఉన్నారని వాళ్ల కళ్లు చూస్తే తెలిసిపోతోంది. చేతులు కడుక్కుని కౌంటర్ దగ్గరికి వచ్చారు. అందులో ఒకాయన ప్యాంటు జేబులో చెయ్యి పెట్టాడు. ఓనర్ తల కూడా ఎత్తకుండా కుడిచెయ్యి గాల్లో ఊపి, "పోనియ్యండి సార్" అన్నాడు. జేబులోని చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. తర్వాత వంతు నాది. నాలుగు ప్లేట్లు, నాలుగు చాయ్‌లు. రూపాయి తగ్గలేదు.

అందులో తప్పేమన్నా ఉందా అని అక్కడే అడిగి ఉంటే, లేదనే చెప్పేవాణ్ని. చలిలో రాత్రంతా నిలబడ్డ మనిషికి రెండు ఇడ్లీలు పెడితే నేరమా? కానీ ఫలానా స్టేషన్ ఎస్సై ఏసీబీకి దొరికాడన్న వార్త వచ్చిన ప్రతిసారీ వాట్సాప్ గ్రూపుల్లో ఇదే గొడవ లేస్తుంది. "అంతా ఫ్రీ చాయ్‌తోనే మొదలైతది" అని ఒకరంటారు. "చాయ్‌కీ లక్షలకీ లింకేంది?" అని ఇంకొకరు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అందుకే ఆ గొడవ తెగదు.

"మామూలు" అన్న మాటలోనే ఉన్న చిక్కు

"మామూలు" ఉర్దూ మీదుగా మన భాషలోకి వచ్చిన అరబ్బీ మాట. అలవాటుగా నడుస్తున్నది అని దాని అర్థం. "ఎట్లున్నవ్?" అంటే "మామూలే" అంటాం. "స్టేషన్‌కు మామూళ్లు పోతున్నాయి" అనడానికీ అదే మాట వాడతాం. దసరా మామూలు ఇంకోటి. ఒకే మాట ఇన్ని పనులు చేస్తుంటే వాటి మధ్య తేడాలు కంటికి ఆనవు. ముందు వాటిని విడదీసి చూడాలి.

ఇంటికి వచ్చినవాళ్లకు చాయ్ ఇవ్వడం మర్యాద. వచ్చింది పోలీసా, పోస్ట్‌మ్యానా, దారిన పోయే బంధువా అన్నది దానికి అక్కర్లేదు. యూనిఫాం చూసి ఇచ్చేది వేరు. హోటల్లో బిల్లు వద్దనడం, సెలూన్‌లో కటింగ్ డబ్బులు తీసుకోకపోవడం, ఆదివారం చికెన్ సెంటర్‌లో కిలో పక్కన పెట్టడం, బట్టల షాపులో అందరికీ పది శాతం తగ్గిస్తే సార్‌కు నలభై తగ్గించడం, ఇవన్నీ ఆ కోవలోకి వస్తాయి. పైకి ఎవరూ అడగరు, బదులుగా ఏ పనీ చెయ్యమనరు. ఈ వ్యాసం ప్రధానంగా దీని గురించే.

దానికి ఒక తేదీ, ఒక రేటు వచ్చాయంటే అది నెల మామూలు. ఒక పని చెయ్యడానికో, చెయ్యకుండా ఉండటానికో ఇస్తే లంచం. "ఇవ్వకపోతే నీ సంగతి చూస్తా" అని తీసుకుంటే బలవంతపు వసూలు. అది అవినీతి చట్టం దాకా పోనక్కర్లేదు, భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కిందికే వస్తుంది.

కాగితం మీద ఇవి వేర్వేరు గదులు. రోడ్డు మీద మాత్రం మధ్యలో గోడలుండవు. అసలు తంటా అక్కడే.

చట్టం ఎక్కడ గీత గీసింది?

అవినీతి నిరోధక చట్టం 1988లో వచ్చింది. 2018లో దాన్ని బాగా సవరించారు. సవరణ తర్వాత అందులో కీలకమైన మాట "అనుచిత లబ్ధి", అంటే జీతభత్యాలు కాకుండా అందేది ఏదైనా. డబ్బే కానక్కర్లేదు, డబ్బుగా లెక్కకట్టగలిగేదే కానక్కర్లేదు అని చట్టమే చెబుతుంది. ఆ లెక్కన ఇడ్లీ ప్లేటు కూడా అందులో పడుతుంది.

అయితే 7వ సెక్షన్ కింద నేరం కావాలంటే, తీసుకున్నదానికీ ఒక ప్రభుత్వ పనిని వంకరగా చెయ్యాలన్న ఉద్దేశానికీ ముడి ఉండాలి. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా. నార్కట్‌పల్లి ఇడ్లీకి అలాంటి ముడి చూపించడం కష్టం. ఏసీబీ వాళ్లు నోట్లకు పౌడర్ పూసి, పట్టుకున్న చేతుల్ని ద్రావణంలో ముంచితే గులాబీ రంగు వస్తుంది. చాయ్ గ్లాసుకు ఏ పౌడర్ పూస్తారు?

చాలామంది చూడకుండా దాటిపోయేది 11వ సెక్షన్. ఒక ప్రభుత్వ ఉద్యోగి ముందు ఎవరి వ్యవహారమైనా నడుస్తూ ఉన్నా, నడిచే అవకాశం ఉన్నా, ఆ వ్యక్తి నుంచి ఊరికేనో, తక్కువ ధరకో లబ్ధి పొందితే అది ఈ సెక్షన్ కిందికి రావచ్చు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. "బదులుగా నేనేం చేశాను?" అన్న జవాబు ఇక్కడ అంత తేలిగ్గా చెల్లదు. హోటల్ ముందు జరిగిన కొట్లాటలో కేసు నడుస్తుండగా, ఆ కేసు చూస్తున్న ఎస్సై అదే హోటల్లో రోజూ బిల్లు లేకుండా తింటున్నాడనుకోండి. అదే ఇడ్లీ ఇప్పుడు వేరే ఇడ్లీ.

"అంత చిన్నదానికి కూడానా?" అనొచ్చు. 2018కి ముందు చట్టంలో, తీసుకున్నది మరీ స్వల్పమైతే దాన్నుంచి అవినీతి ఊహించకుండా ఉండే వెసులుబాటు కోర్టుకు ఇచ్చిన వాక్యం ఒకటి ఉండేది. సవరణలో అది పోయింది. అంతకుముందే, 2011లో, ఒక రైల్వే ఉద్యోగి 200 రూపాయలు తీసుకున్న కేసులో, మొత్తం చిన్నదని కనీస శిక్షను తగ్గించలేమని సుప్రీంకోర్టు చెప్పింది. 2022 డిసెంబరులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఇంకో ముడి విప్పింది. ఉద్యోగి అడగకపోయినా, ఇచ్చేవాడు తనంతట తాను లంచం ఇవ్వజూపితే, దాన్ని తీసుకోవడం కూడా నేరమే. "నేను అడగలేదు సార్, వాళ్లే ఇచ్చారు" అన్న మాట ఒక్కటే కాపాడదు.

ఇచ్చినవాడి సంగతి? 2018 నుంచి లంచం ఇవ్వడం కూడా నేరం, ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. బలవంతం మీద ఇస్తే, ఏడు రోజుల్లోపు అధికారులకు చెబితే మినహాయింపు ఉంటుంది. అంటే భయపడి ఇచ్చిన దుకాణదారు, వారంలోపు ఆ భయాన్నే దాటుకుని ఫిర్యాదు చెయ్యాలి. ఈ వెసులుబాటు రాసినవాళ్లు ఎప్పుడూ మండల కేంద్రంలో దుకాణం పెట్టినట్టు లేరు.

ఇక ప్రవర్తనా నియమాలు. ఐపీఎస్ అధికారులకు వర్తించే 1968 నాటి నియమాల్లో ఒక తెలివైన తేడా ఉంది. ఉచిత భోజనం, బస, ప్రయాణం బహుమతి కిందికే వస్తాయంటూనే, అప్పుడప్పుడూ జరిగే ఒక భోజనాన్ని, దారిలో ఇచ్చే లిఫ్టును, మామూలు సాంఘిక మర్యాదను బహుమతిగా చూడనక్కర్లేదని అవి చెబుతాయి. ఆ వెంటే, తమతో అధికారిక వ్యవహారాలున్నవాళ్ల నుంచి, వ్యాపార సంస్థల నుంచి భారీ ఆతిథ్యం గానీ తరచూ ఆతిథ్యం గానీ తీసుకోవద్దని కూడా అంటాయి. ఆ "తరచూ" అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఒకసారి మర్యాద అయినది ముప్పైసార్లు అయ్యేసరికి ఇంకేదో అవుతుందని నియమం ఒప్పుకుంటోంది. ఎన్నోసారికి మారుతుందో మాత్రం చెప్పలేదు, ఎవరూ చెప్పలేరు కూడా.

పోలీసుకు చట్టబద్ధంగా ఉచితమైనవీ ఉన్నాయి. 2008 నాటి జాతీయ రహదారుల ఫీజు నియమాల ప్రకారం డ్యూటీలో ఉన్న పోలీసు వాహనానికి టోల్ లేదు. ఆదివారం సొంత కారులో అత్తగారింటికి పోయేటప్పుడు ఐడీ కార్డు చూపించి గేటు ఎత్తించుకోవడం ఆ నియమంలో లేదు. ఉచితం పనికి దక్కుతోందా, మనిషికి దక్కుతోందా? టోల్ గేటు దగ్గర ఆ తేడా బాగా కనిపిస్తుంది.

రోజుకు నాలుగు చాయ్‌ల లెక్క

బస్టాండ్ పక్కన ఒక టిఫిన్ బండి ఉందనుకుందాం. ఇడ్లీ ప్లేటు 40, చాయ్ 15. పొద్దున బీటుకొచ్చిన ఇద్దరు టిఫిన్ తిని చాయ్ తాగితే 110 రూపాయలు. సాయంత్రం ఇంకో రెండు చాయ్‌లు, 30. రోజుకు 140. నెలకు 4,200, ఏడాదికి 51,100. ఆ బండి మీద అన్ని ఖర్చులూ పోను రోజుకు 800 మిగులుతాయనుకుంటే, అమ్ముడుధర లెక్కన ఇది ఆరో వంతుకు పైనే. పిండి, గ్యాసు, పాలు కలిపి అసలు ఖర్చు సగమే అనుకున్నా మిగులులో తొమ్మిది శాతం దగ్గర పడుతుంది.

ఇప్పుడు హైవే మీద రోజుకు లక్షన్నర గల్లా అయ్యే హోటల్. అవే రేట్లకు అక్కడ రోజూ పదిమంది తిన్నా 550 రూపాయలు, గల్లాలో ఒక శాతం కూడా కాదు. ఓనర్ తల ఎత్తకుండా చెయ్యి ఊపగలిగాడంటే అందుకే. బండి ఆయనకు ఆ చెయ్యి బరువుగా లేస్తుంది.

ఇవి నేను వేసుకున్న అంకెలు. మీ ఊరి రేట్లు పెట్టి చూసుకోండి, వాలు అటే ఉంటుంది. ఒకే "ఉచితం" పెద్దవాడికి ప్రకటన ఖర్చులాంటిది, చిన్నవాడికి పన్నులాంటిది. పైగా రసీదు లేని పన్ను.

"ఇస్తే ఏమైతది?" అనేవాళ్ల మాటలో బలం

ఈ వాదనను తేలిగ్గా తోసెయ్యడం కుదరదు. కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ అనే సంస్థలు కలిసి చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వచ్చింది. పోలీసులు సగటున రోజుకు 14 గంటలు పనిచేస్తున్నారని అందులో తేలింది. బందోబస్తు రోజుల్లో పరిస్థితి ఇంకా అన్యాయం. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వస్తుంది. హైవే ట్రాఫిక్ మళ్లించి, జనాన్ని కాచి, తప్పిపోయిన పిల్లల్ని వెతికి ఇచ్చే కానిస్టేబుల్‌కు అన్నం పొట్లం ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదు. అక్కడ ఎవరైనా పిలిచి నాలుగు మెతుకులు పెడితే దాన్ని అవినీతి అనడానికి నోరు రాదు.

దుకాణదారుడి వైపు నుంచీ ఒక లెక్క ఉంది. రాత్రి పదకొండింటికి తాగొచ్చి గల్లా పెట్టె మీద చెయ్యి వేసేవాళ్లుంటారు. ఎదురుగా పెట్రోలింగ్ బండి ఆగి ఉంటే వాళ్లు రారు. నాలుగు చాయ్‌లకు వాచ్‌మన్ దొరికినట్టే. అమెరికాలో రాత్రంతా తెరిచుండే దుకాణాలు పోలీసులకు కాఫీ ఉచితంగా పొయ్యడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే. ఇంకా మన దగ్గర చాయ్ వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. "మా చేతి చాయ్ తాగవా?" అన్న మాటకు జవాబు చెప్పడం ఏ కొత్త ఎస్సైకీ అకాడమీలో నేర్పరు. నిజంగా అభిమానంతో ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. పోయిన బండిని పట్టిచ్చిన హెడ్ కానిస్టేబుల్ దగ్గర జీవితాంతం పైసలు తీసుకోని మెకానిక్‌ను నేను ఎరుగుదును.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టే ఉద్యోగం

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని మన పెద్దలు చెప్పారు. అన్నం పెట్టిన ఇంట్లో లోపాలు వెతకడం కృతఘ్నత అని. మంచి మాటే, కానీ పోలీసు ఉద్యోగమే వాసాలు లెక్కపెట్టడం. హోటల్ ఎన్నింటికి మూస్తున్నారు, లారీలు రోడ్డు మీదికి ఎంత దూరం వచ్చి ఆగుతున్నాయి, వెనక గదిలో మందు పోస్తున్నారా, లాడ్జిలో వచ్చినవాళ్ల పేర్లు రిజిస్టర్‌లో రాస్తున్నారా అని చూడాల్సిన మనిషి అతను. అన్నం పెట్టించుకున్నాక ఆ పని నోటికి అడ్డం పడుతుంది. ఎవరూ ఏమీ అడగనక్కర్లేదు. కేసు రాయబోతుంటే పొద్దున తిన్న దోశ గుర్తొస్తే చాలు.

మైకేల్ ఫెల్డ్‌బర్గ్ అనే అమెరికన్ పండితుడు 1985లో సరిగ్గా ఈ ఉచిత కాఫీ గురించే రాశాడు. చాలామంది పోలీసులకు కాఫీకీ లంచానికీ తేడా తెలుసని, కాఫీ తాగిన ప్రతివాడూ దొంగ కాడని ఆయన ఒప్పుకున్నాడు. ఆయన అభ్యంతరం వేరే. పోలీసు రక్షణ అందరికీ సమానంగా అందాల్సింది. కాఫీ పోసే దుకాణం ముందు బండి ఎక్కువసేపు ఆగుతుంది, పొయ్యని దుకాణం వీధి ఖాళీగా ఉంటుంది. పైన చెప్పిన "నాలుగు చాయ్‌లకు వాచ్‌మన్" వాదనను తిరగేసి చూడండి. ఆ వాచ్‌మన్ జీతం కట్టేది ఊరంతా, కాపలా కాసేది ఒక్క దుకాణానికి.

రెండో అభ్యంతరం జారుడుబల్ల. లారెన్స్ షెర్మన్ అనే అమెరికన్ నేరశాస్త్రవేత్త 1970లలో పోలీసు అవినీతిని చదివి, అది మెట్లు మెట్లుగా ఎదుగుతుందన్నాడు. ముందు ఉచిత కాఫీ, తర్వాత మూసే వేళ దాటినా బార్‌ను వదిలెయ్యడం, ఆ తర్వాత వాహనదారు దగ్గర చిన్న నోటు. ప్రతి మెట్టూ కిందిదానికంటే కొంచెమే ఎత్తు. కాబట్టి ఎక్కేటప్పుడు తన కంట తాను మరీ చెడ్డవాడిగా పడడు. మన భాషలోకి మార్చుకుంటే, చాయ్ నుంచి పర్మిట్ రూం దాకా, అక్కణ్నుంచి బెల్టు షాపుకు, ఆ పైన ఇసుక ట్రాక్టర్‌కు.

ఈ వాదనలో ఒక లోపం ఉంది. ముప్పై ఏళ్లు హోటల్లో చాయ్ తాగి, ఒక్క రూపాయి లంచం ముట్టకుండా రిటైరైన హెడ్ కానిస్టేబుళ్లు ప్రతి స్టేషన్‌లోనూ ఉంటారు. చాయ్ తాగినవాళ్లంతా జారిపోలేదు. జారినవాళ్లలో చాలామంది చాయ్ తాగారన్నది, పెద్ద దొంగలు కూడా చిన్నప్పుడు బడికి పోయారన్నంత బలహీనమైన సాక్ష్యం.

ఇక్కడే న్యూయార్క్ నగరం ఇచ్చిన ఒక పాఠం పనికొస్తుంది. ఆ నగర పోలీసు అవినీతి మీద నాప్ కమిషన్ 1970లో ఏర్పడి, 1972లో తుది నివేదిక ఇచ్చింది. అవినీతిపరులను అది రెండు రకాలుగా చూసింది: వేటాడి తినే మాంసాహారులు, ఎదురైనది మేసే గడ్డితినేవాళ్లు. ఎక్కువమంది రెండో రకమే. వాళ్లు తీసుకునేది చిన్నది. అయినా అసలు సమస్య వాళ్లేనని కమిషన్ అంది. అంతమంది మేస్తున్నారు కాబట్టి మేయడం గౌరవమైన పనైపోతుంది, వేటాడేవాణ్ని వేలెత్తి చూపించే నోరు ఎవరికీ ఉండదు. షెర్మన్ మెట్ల కంటే ఇది నాకు బలమైన మాటగా తోస్తుంది. చాయ్ తాగిన మనిషి చెడిపోతాడా అన్నది కాదు, పక్కవాడు లక్ష తీసుకుంటే చాయ్ తాగినవాడు నోరు విప్పగలడా అన్నది.

నల్లగొండలో ఈ ప్రశ్నకు వయసెక్కువ

ఉచితంగా అధికారికి ఇవ్వడమనేది ఈ నేలకు కొత్త కాదు. నిజాం కాలంలో ఊరికి తహసీల్దారో, గిర్దావరో, పోలీసు అమీనో వచ్చి మకాం వేస్తే, కురుమ ఇంటి నుంచి మేక, కుమ్మరి ఇంటి నుంచి కుండలు, గౌడుల నుంచి కల్లు, కోమటి దుకాణం నుంచి ఉప్పూ పప్పూ నెయ్యీ రావాల్సిందే. పైసలు అడిగే మాటే లేదు. దానికీ ఒక "ఆచారం" అన్న పేరే ఉండేది. వెట్టిచాకిరిలో అదొక పాయ. 1944 భువనగిరి ఆంధ్రమహాసభ తర్వాత నల్లగొండ పల్లెల్లో జనం "ఇయ్యం" అని తిరగబడ్డవాటిలో ఇదీ ఉంది. తర్వాత వచ్చిన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది.

ఇవాళ్టి కానిస్టేబుల్‌ను ఆనాటి అమీన్‌తో పోల్చడం అన్యాయం. అతనూ అదే పల్లెల నుంచి పరీక్ష రాసి వచ్చిన రైతు బిడ్డే. పోల్చాల్సింది ఇచ్చేవాడి స్థితిని. ఆనాటి కోమటి మర్యాదకే ఇచ్చాడా? కొందరు మర్యాదకే ఇచ్చి ఉంటారు. ఇవ్వనని అనగలిగే దారి లేనప్పుడు ఆ మర్యాద నిజమో కాదో బయటివాడికి తెలియదు. చివరికి ఇచ్చినవాడికి కూడా తెలియదేమో.

బిల్లు అడిగితే ఏమవుతుంది?

అందుకే చాయ్ ఖరీదు కంటే ఒక ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది. రేపు ఆ ఓనర్ "సార్, బిల్లు 110 అయింది" అంటే తర్వాత ఏం జరుగుతుంది? ఏమీ జరగదని అతను నిశ్చింతగా ఉండగలిగితే, ఇవాళ వద్దన్నది మర్యాద. రాత్రి పదిన్నరకే షట్టర్ దింపిస్తారేమో, కస్టమర్ల బండ్లకు వరసగా చలాన్లు పడతాయేమో అని టెన్షన్ ఉంటే, పైకి ఎంత నవ్వుతూ ఇచ్చినా అది మర్యాద కాదు.

ఆ టెన్షన్ ఊహ మాత్రమే కాదని 2024 మే నెలలో తమిళనాడులో అందరూ చూశారు. ప్రభుత్వ బస్సులో ఒక కానిస్టేబుల్ టికెట్ తీసుకోనన్నాడు. డ్యూటీ ప్రయాణానికి ఇచ్చే వారెంట్ కాగితం ఉంటేనే ఉచితమని రవాణా సంస్థ చెప్పింది. ఆ వెంటనే రాష్ట్రంలో పలుచోట్ల ట్రాఫిక్ పోలీసులు ప్రభుత్వ బస్సులకు నో పార్కింగ్ అనీ, సీటు బెల్టు లేదనీ జరిమానాలు రాశారు. చివరికి ఆ కానిస్టేబుల్, కండక్టర్ ఒకరినొకరు కౌగిలించుకుని రాజీ పడ్డారు. ప్రభుత్వ సంస్థ టికెట్ అడిగితేనే అంత దూరం పోయింది. బండి మీద ఇడ్లీ అమ్ముకునే మనిషి అడుగుతాడా?

ఇదే ప్రశ్నను వేరే చోట్ల పెట్టి చూస్తే కొన్ని తేలికవుతాయి, కొన్ని ముదురుతాయి. కురుమూర్తి జాతరలో అన్నదానం పంక్తిలో కానిస్టేబుల్ కూర్చుంటే ఇబ్బందే లేదు. అక్కడ అందరికీ ఉచితమే, వడ్డించేవాడికి భయమూ లేదు. "యూనిఫాంలో ఉన్న ప్రతి ఒక్కరికీ పది శాతం తగ్గింపు" అని బోర్డు పెట్టి, సైనికుడికీ నర్సుకీ ఫైర్‌మన్‌కీ కూడా ఇస్తే కొంత నయం, దాపరికం లేదు కాబట్టి. కానీ నర్సు మీ షట్టర్ దింపించలేదు.

కష్టమైనది, స్టేషన్‌కు ఇచ్చే విరాళం. బంగారం దుకాణం పేరు రాసిన బారికేడ్లు, వ్యాపారులు చందాలేసి పెట్టించిన సీసీ కెమెరాలు మన ప్రతి పట్టణంలోనూ కనిపిస్తాయి. "నేను సైతం" పేరుతో పోలీసులే జనాన్ని కెమెరాలు పెట్టించమని అడిగారు. దొంగలు దొరికారు, ఊరికి మేలు జరిగింది. ఎవరి జేబులోకీ ఏమీ పోలేదు. అందుకే దీన్నీ ఫ్రీ చాయ్‌నీ ఒకే గాటన కట్టలేం. కానీ ఆ దుకాణం మీదే ఒక కస్టమర్ మోసం కేసు పెట్టడానికి వచ్చాడనుకోండి. స్టేషన్ గేటు దగ్గర బారికేడ్ మీద అదే దుకాణం పేరు చదువుకుంటూ లోపలికి పోతాడు. లోపల ఎంత నిజాయితీగా కేసు రాసినా, ఓడిపోతే అతనికి గుర్తొచ్చేది ఆ బారికేడే. పోలీసు నిష్పక్షపాతంగా ఉండటం ఒకటి, ఉన్నట్టు కనిపించడం ఇంకొకటి. రెండోది పోగొట్టడానికి తప్పు చెయ్యనక్కర్లేదు.

ఖర్చు ఎవరో ఒకరు పెట్టాలి

స్టేషన్‌లో తెల్ల కాగితాలు, జీపులో డీజిల్, గుర్తు తెలియని శవాన్ని తరలించే బండి కిరాయి. ఇవన్నీ ఎక్కణ్నుంచి వస్తాయని చాలాకాలం ఎవరూ అడగలేదు. స్టేషన్‌లో రాతకోతలు చూసే రైటర్ ఏదో ఒక దుకాణానికి ఫోన్ కొట్టేవాడు, వస్తువు వచ్చేది. తెలంగాణ వచ్చిన తొలి ఏళ్లలో ప్రభుత్వం స్టేషన్ల నిర్వహణకు నెలనెలా డబ్బు ప్రకటించింది: హైదరాబాద్ స్టేషన్లకు 75 వేలు, పల్లె స్టేషన్లకు 25 వేలు. ఉచితాల జబ్బుకు నీతి పాఠం కంటే ఇది మెరుగైన మందు. అడగాల్సిన అవసరాన్నే తగ్గిస్తుంది. బందోబస్తుకు పంపేటప్పుడు వేళకు భోజనం పొట్లం పంపడం కూడా అలాంటిదే. దానివల్ల "ఆకలితో ఉన్న కానిస్టేబుల్" అన్న నిజమైన వాదన తీరిపోతుంది. మిగిలేది ఆదివారం కిలో చికెనే, దాన్ని సమర్థించడం కొంచెం కష్టం. ఏసీబీ 1064 నంబరు లంచాలకు ఉంది. చాయ్ కోసం దానికి ఎవరూ ఫోన్ చెయ్యరు, చెయ్యాలని కూడా నేననను.

పాలమూరు వైపు ఒక మండల కేంద్రంలో టిఫిన్ సెంటర్ నడిపే మిత్రుడు చెప్పిన సంగతి ఇది. కొత్తగా వచ్చిన ఎస్సై మొదటి రోజు ఇడ్లీ తిని కౌంటర్ మీద వంద నోటు పెట్టాడు. మావాడు నోటు వెనక్కి నెట్టాడు. "చిల్లర ఇయ్యి" అన్నాడు ఎస్సై. చిల్లర ఇచ్చాడు గానీ, ఆ పూటంతా మనసు మనసులో లేదు. వెంట వచ్చిన కానిస్టేబుల్‌ను పక్కకు పిలిచి, "ఏమన్న తప్పయిందా అన్నా? సార్‌కు కోపమొచ్చిందా?" అని అడిగాడు. రోడ్డు మీదికి వేసిన బెంచీ గుర్తొచ్చి ఆ రాత్రే లోపలికి జరిపాడు. ఎస్సై వారం రోజులు వచ్చాడు, వారం రోజులూ పైసలిచ్చాడు. నెల తిరిగేసరికి మావాడికి భయం తగ్గింది, బెంచీ మళ్లీ రోడ్డెక్కింది. మర్నాడు పొద్దున ఎస్సై ఇడ్లీ తిని, చాయ్ తాగి, 55 రూపాయలు లెక్కపెట్టి కౌంటర్ మీద పెట్టి, "బెంచీ లోపలికి జరుపుకో" అని చెప్పి జీపెక్కాడు.